మైలిన్ పోయి మళ్లీ వచ్చింది

నన్ను చూడ్డానికి వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఒకే మాట అన్నారు: "నీ మనోబలమే నిన్ను లేపి నిలబెట్టింది." మంచి మాటే, ప్రేమతో అన్న మాట. కానీ మంచం మీద కదలకుండా పడి ఉన్నప్పుడు నా మనసు ఎంత కొట్టుకుందో, కాలి బొటనవేలు ఎలా నిమ్మకు నీరెత్తినట్టు ఉండిపోయిందో నాకు తెలుసు. నన్ను లేపింది ష్వాన్ కణాలు, నరాల పోగుల చుట్టూ మైలిన్ అనే కొవ్వు తొడుగు కట్టే కణాలు. చాలామంది వాటి పేరు కూడా విని ఉండరు, జబ్బు పడేదాకా నేనూ వినలేదు. వాటికి నా ధైర్యంతోనూ దిగులుతోనూ పని లేదు. పట్టాల్సినంత టైమ్ తీసుకుని వాటి పని అవి చేసుకున్నాయి. ఇది రాయడం కూడా ఆ సంగతి చెప్పడానికే.

నాకు వచ్చింది గిలాన్ బారే సిండ్రోమ్. ఆసుపత్రిలో అందరూ జీబీఎస్ అంటారు. ఏడాదికి లక్షమందిలో ఒకరికో ఇద్దరికో వస్తుంది. మన ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థే మన నరాల మీద పడుతుంది. మెదడు, వెన్నుపాము కాదు, వాటి నుంచి బయటికి వచ్చి చేతులకూ కాళ్లకూ ముఖానికీ ఊపిరి కండరాలకూ వెళ్లే నరాల మీద.

మొదలు చాలా మామూలుగా ఉంది. జలుబు, దగ్గు, కాస్త జ్వరం. అవి తగ్గిపోయి, వాటి సంగతి మర్చిపోయాక ఒక పొద్దున అరికాళ్లలో చీమలు పాకుతున్నట్టు అనిపించింది. కాలు మడిచి కూర్చుంటే వచ్చే తిమ్మిరైతే నాలుగడుగులు వేస్తే పోతుంది. ఇది పోలేదు సరికదా సాయంత్రానికి చీలమండలు దాటింది. నడుము లోపల ఎక్కడో లాగుతున్నట్టు నొప్పి, పడుకుంటే ఇంకా ఎక్కువ. మొదట చూపించిన చోట నరాల బలహీనత అని విటమిన్ మాత్రలు రాసి పంపించారు. మాత్రలు మొదలుపెట్టాక మెట్లు ఎక్కడానికి రెండు చేతులతో రెయిలింగ్ పట్టుకోవాల్సి వచ్చింది. తర్వాత కుర్చీలోంచి లేవలేకపోయాను. నీళ్ల సీసా మూత తిప్పబోతే వేళ్లు దాని మీద జారిపోయాయి.

"ఇది విటమిన్ల గొడవ కాదే, పద" అని అక్క కారెక్కించింది. ఆ రోజు చూసిన న్యూరాలజిస్టు నన్ను అడిగినవి మూడే ప్రశ్నలు.

"రెండు కాళ్లకీ ఒకేసారి మొదలైందా?"

"అవునండీ."

"కింద నుంచి పైకి వస్తోందా? ఈమధ్య జ్వరం గానీ విరేచనాలు గానీ వచ్చాయా?"

జ్వరం వచ్చిందని చెప్పాను. ఆవిడ చిన్న సుత్తి తీసి మోకాలి చిప్ప కింద కొట్టారు. కాలు కదల్లేదు. రెండో కాలూ అంతే. మడమ వెనక కొట్టారు, మోచేతి మడతలో కొట్టారు. ఏమీ లేదు. సుత్తి పక్కన పెట్టి, "ఇంటికి వెళ్లొద్దు, ఇప్పుడే అడ్మిట్ అవ్వండి" అన్నారు.

సుత్తి దెబ్బకు కాలు ఎగరకపోతే అంత కంగారేమిటని అప్పుడు అనిపించింది. తర్వాత తెలుసుకున్నాను. దెబ్బ పడగానే తొడ ముందువైపు కండరం కొద్దిగా సాగుతుంది. కండరం లోపలే ఉన్న గ్రాహకాలు ఆ సాగడాన్ని పసిగట్టి, జ్ఞాననాడి మీదుగా వెన్నుపాముకు కబురు పంపుతాయి. అక్కడ ఆ కబురు నేరుగా చాలక నాడీకణానికి అందుతుంది, మధ్యలో ఒకే ఒక్క సంధి. చాలక నాడి వెంటనే అదే కండరానికి ముడుచుకోమని ఆజ్ఞ పంపుతుంది. కాలు ఎగిరిన సంగతి మెదడుకు తర్వాతే తెలుస్తుంది. అంటే ఇందులో మన ఇష్టాయిష్టాలకు చోటు లేదు. నటించడానికీ వీల్లేదు, గట్టిగా అనుకుని తెప్పించడానికీ వీల్లేదు. కాలు ఎగరలేదంటే పోయే దారో వచ్చే దారో తెగిందన్నమాట. రెండు కాళ్లలోనూ చేతుల్లోనూ ఒకేసారి తెగిందంటే ఆ డాక్టర్‌కు జబ్బు పేరు సగం తెలిసిపోయినట్టే.

మిగతా సగం వెన్నులోంచి తీసిన నీరు చెప్పింది. మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని పక్కకు తిరిగి పడుకోమన్నారు. నా మోకాళ్లు నేను ముడుచుకోలేకపోతే ఇద్దరు పట్టుకుని ముడిచారు. ఆ నీటిలో ప్రొటీన్ మామూలుగా డెసిలీటరుకు 45 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. నాకు అంతకు రెట్టింపు దాటింది. కానీ తెల్లకణాలు పెరగలేదు. ఇన్‌ఫెక్షన్ అయితే తెల్లకణాలు కూడా పెరుగుతాయి. ప్రొటీన్ పెరిగి కణాలు పెరగకపోవడమనే ఈ విడ్డూరాన్ని 1916లో ముగ్గురు ఫ్రెంచ్ డాక్టర్లు ఇద్దరు సైనికుల్లో గమనించి రాశారు: జార్జ్ గిలాన్, జాన్ అలెగ్జాండర్ బారే, ఆంద్రే స్ట్రోల్. సుత్తి దెబ్బకు కండరాలు ఎలా స్పందిస్తున్నాయో యంత్రం మీద నమోదు చేసినవాడు స్ట్రోల్. జబ్బు పేరులోంచి జారిపోయింది కూడా ఆయనే. కొలిచినవాడి పేరు పోవడం నాకెందుకో నచ్చలేదు.

నాకు అసలు విషయం అర్థమైంది నర్వ్ కండక్షన్ టెస్ట్ గదిలో. పాదం మీద చిన్న కండరానికి ఒక ఎలక్ట్రోడ్ అతికించారు. చీలమండ దగ్గర నరం మీద కరెంటు మొన ఆనించి, "కొద్దిగా షాక్ కొడుతుందండీ" అని టెక్నీషియన్ నొక్కాడు. తర్వాత అదే నరం మీద మోకాలి దగ్గర. రెండు చోట్ల మధ్య దూరాన్ని నా కాలి మీదే టేపు పెట్టి కొలిచాడు. మోకాలి దగ్గర కొట్టిన షాక్ పాదానికి చేరడానికి పట్టిన టైమ్ లోంచి, చీలమండ దగ్గర కొట్టిన షాక్‌కు పట్టిన టైమ్ తీసేస్తే, ఆ దూరం దాటడానికి ఎంతసేపు పట్టిందో వస్తుంది. భాగిస్తే వేగం. బడిలో చేసిన లెక్కే. కాలి చాలక నరంలో సెకనుకు 40 మీటర్లకు పైనే ఉండాలి, చేతిలో 50కి పైన. నా కాలిలో 25 దరిదాపుల్లో వచ్చింది.

వేగం కన్నా తెర మీది గీత నన్ను ఎక్కువ ఆకట్టుకుంది. ఆరోగ్యంగా ఉన్న నరంలో ఆ గీత ఒక్కసారి నిటారుగా లేచి దిగుతుందట. నాది పొట్టిగా, వెడల్పుగా, రంపపు పళ్లతో అటూ ఇటూ సాగిపోయి ఉంది. ఎందుకని అడిగితే ఆ కుర్రాడు ఓపిగ్గా చెప్పాడు. ఒక నరంలో వేల పోగులుంటాయి. అన్నీ ఒకే జోరు మీద పోతే కబుర్లన్నీ దాదాపు ఒకేసారి కండరానికి చేరి గీత ఎత్తుగా లేస్తుంది. ఒక్కో పోగు ఒక్కో రకంగా దెబ్బ తింటే కొన్ని ముందు, కొన్ని వెనక, కొన్ని అసలు చేరనే చేరవు. నా కాలు ఎందుకు లేవడం లేదో ఆ గీతలో కళ్లకు కట్టినట్టు కనిపించింది. భయం తగ్గలేదు కానీ, నా ఒంట్లో ఏం జరుగుతోందో తెలియక పడుతున్న టెన్షన్ మాత్రం ఆ గదిలోనే పోయింది.

నరంలో కబురుకు ఒక వేగం ఉంటుందని, దాన్ని కొలవచ్చని 19వ శతాబ్దం మధ్య దాకా చాలామంది నమ్మలేదు. పేరుమోసిన జర్మన్ శరీరశాస్త్రవేత్త యోహానెస్ మ్యూలర్ అంతటివాడు కూడా దాన్ని కొలవడం మన వల్ల అయ్యే పని కాదన్నాడు. ఆయన శిష్యుడే హెర్మన్ హెల్మ్‌హోల్ట్జ్ 1850లో కప్ప నరంలో కొలిచి చూపించాడు. సెకనుకు 30 మీటర్లకు కొంచెం తక్కువ వచ్చింది. నా కాలు దాదాపు ఆ కప్ప లెక్కలో ఉందని తర్వాత అక్కతో అంటే ఆమె నవ్వలేదు.

డాక్టర్లందరూ చెప్పే పోలిక ఒకటుంది. నరం కరెంటు వైరు, దాని మీది ప్లాస్టిక్ తొడుగు మైలిన్, తొడుగు ఊడితే కరెంటు లీకవుతుంది. అర్థమవడానికి పనికొస్తుంది గానీ అక్కడితో ఆపేస్తే అసలు మజా పోతుంది. వైరులో కరెంటు ఈ చివర నుంచి ఆ చివరకు పారుతుంది. నాడీకణంలో జరిగేది అది కాదు. ప్రతి నాడీకణమూ తన గోడకు లోపల, బయటితో పోలిస్తే దాదాపు 70 మిల్లీవోల్టులు తక్కువగా విద్యుత్తును నిలబెట్టుకుని ఉంటుంది. దీనికోసం గోడలోని పంపులు 3 సోడియం అయాన్లను బయటికి తోసి 2 పొటాషియం అయాన్లను లోపలికి లాక్కుంటూ రాత్రీ పగలూ పని చేస్తూనే ఉంటాయి. మెదడు బరువు ఒంటి బరువులో 2 శాతమే అయినా, ఊరికే కూర్చున్నప్పుడు ఒళ్లు ఖర్చు చేసే శక్తిలో 5వ వంతు అదే తినేస్తుంది. అందులో పెద్ద వాటా ఈ పంపులదే. కబురు రావడమంటే గోడలోని సోడియం ద్వారాలు తెరుచుకోవడం. అయాన్లు బిలబిలా లోపలికి వస్తాయి, ఆ చోట మిల్లీ సెకను పాటు ఛార్జి తలకిందులవుతుంది, వెంటనే పొటాషియం బయటికి పోయి సర్దుకుంటుంది. ఆ అలజడి పక్క ద్వారాలను తెరిపిస్తుంది. అంటే కబురు మోసుకెళ్లబడదు, దారి పొడుగునా మళ్లీ మళ్లీ కొత్తగా పుడుతుంది.

ఇలా అంగుళం అంగుళం పుట్టుకుంటూ పోతే చాలా ఆలస్యం. మైలిన్ ఉన్నది ఇందుకే. ఆక్సాన్ అనే పొడవాటి పోగు చుట్టూ ష్వాన్ కణం తన పొరను పదుల సార్లు చుట్టి చుట్టి కొవ్వు తొడుగు కడుతుంది. ఒక ష్వాన్ కణం కట్టేది ఒక్క తునకే, మహా అయితే మిల్లీమీటరు పైచిలుకు. దాని పక్కన మరో కణం, దాని పక్కన మరొకటి. రెండు తునకల మధ్య సన్నటి ఖాళీ ఉంటుంది. అదే రాన్వియర్ కణుపు. సోడియం ద్వారాలన్నీ ఆ కణుపుల దగ్గరే గుంపుగా ఉంటాయి. కబురు కణుపు నుంచి కణుపుకు దూకుతుంది. అందుకే మైలిన్ ఉన్న పెద్ద పోగుల్లో వేగం సెకనుకు 100 మీటర్ల దాకా పోతుంది. నడుము దగ్గర వెన్నుపాములో ఉన్న ఒక కణం, బొటనవేలి దాకా మీటరు దగ్గర పొడవున్న పోగును చాచి ఉంచుతుంది. ఆ ఒక్క పోగు మీద సుమారు వెయ్యి ష్వాన్ కణాలు వరసకట్టి ఉంటాయి. వాటిలో కొన్ని తునకలు వరసగా పోతే చాలు, ఛార్జి దారిలోనే కారిపోయి తర్వాతి కణుపును తెరిపించేంత మిగలదు. పోగు బతికే ఉంటుంది, మెదడు బాగానే ఉంటుంది, కండరం సిద్ధంగానే ఉంటుంది. కబురు మాత్రం మధ్యలో ఆగిపోతుంది.

నా జబ్బంతా అదే.

ఎందుకు వచ్చింది అన్నదానికి డాక్టర్ చెప్పింది ఇది. జీబీఎస్ వచ్చినవాళ్లలో దాదాపు మూడింట రెండొంతుల మందికి అంతకుముందు ఆరు వారాల్లో ఏదో ఒక ఇన్‌ఫెక్షన్ వచ్చి ఉంటుంది, జలుబో విరేచనాలో. కాంపిలోబాక్టర్ జెజునై అనే బ్యాక్టీరియా విషయంలో కథ బాగా స్పష్టంగా తెలుసు. దాని ఒంటి మీది చక్కెర అణువులు మన నరాల మీది గాంగ్లియోసైడ్లను, అంటే చక్కెర అతుక్కున్న కొవ్వులను, పోలి ఉంటాయి. బ్యాక్టీరియా కోసం తయారైన యాంటీబాడీలు నరాన్నీ శత్రువనుకుంటాయి. ఆ రకంలో దెబ్బ నేరుగా ఆక్సాన్‌కే తగలొచ్చు. నాది తొడుగు దెబ్బతినే రకం. మాక్రోఫేజ్‌లు అనే, చెత్తను మింగేసే రోగనిరోధక కణాలు నరంలోకి దూరి మైలిన్ పొరలను ఒలిచేస్తాయి. "అదృష్టం, పోగు చాలావరకు మిగిలి ఉంది" అన్నారు డాక్టర్. మంచం మీద మెడ తప్ప ఏదీ సరిగ్గా తిప్పలేని మనిషికి అదృష్టం అనే మాట వినడం వింతగా ఉంటుంది.

ఐసీయూలో నాకు బాగా గుర్తున్న పని అంకెలు లెక్కపెట్టడం. పెద్దగా గాలి పీల్చుకుని ఒక్క ఊపిరిలో ఎంతవరకు లెక్కపెట్టగలరో చెప్పండి అనేవారు. మొదట్లో ముప్పై దాటేదాన్ని. తర్వాత ఇరవై రెండు, ఆ తర్వాత పదిహేడు. ఊపిరితిత్తుల కింద ఉండే విభాజక పటలానికి వెళ్లే నరానికీ మైలిన్ తొడుగే ఉంటుంది. అది ఊడితే ఛాతీ లేవదు. రక్తంలో ఆక్సిజన్ చూపించే క్లిప్పు చివరిదాకా 98 అని బాగానే చూపిస్తుంటుంది, పడిపోయేసరికి ఆలస్యమైపోతుంది. అందుకే నర్సులు క్లిప్పు కన్నా నా లెక్కనే ఎక్కువ నమ్మేవారు. ఈ జబ్బులో నలుగురైదుగురిలో ఒకరికి వెంటిలేటర్ పెట్టాల్సి వస్తుంది. యంత్రాన్ని నా మంచం పక్కకు తెచ్చి సిద్ధంగా పెట్టారు. దాని మీద గుడ్డ కప్పి ఉన్నా అదేమిటో నాకు తెలుసు.

పదిహేడు దగ్గర ఆగింది. అక్కడి నుంచి దిగలేదు.

ముఖం కూడా జారింది. ఎడమ కన్ను పూర్తిగా మూతపడక రాత్రిళ్లు టేపు వేసేవారు. నవ్వబోతే నవ్వు కళ్లలోనే ఉండిపోయేదని అక్క చెప్పింది. మింగడం కష్టమై కొన్నాళ్లు ముక్కులోంచి గొట్టం. ఏ పనీ చేయకుండా పడుకుని ఉంటే గుండె ఉన్నట్టుండి పరుగెత్తేది, బీపీ ఒక గంట ఆకాశంలో, ఒక గంట పాతాళంలో. గుండెనూ రక్తనాళాలనూ మనకు చెప్పకుండా నడిపించే స్వయంచాలిత నాడులు కూడా ఈ గొడవలో ఇరుక్కుంటాయి. ఇన్ని జరుగుతున్నా తెలివి మాత్రం చెక్కుచెదరలేదు. పక్క మంచం దగ్గర ఎవరు ఏం గొణిగినా వినిపించేది. నాకు వినబడదనుకుని నా గురించి మాట్లాడినవీ వినిపించాయి. మెదడుకూ వెన్నుపాముకూ మైలిన్ కట్టేవి ష్వాన్ కణాలు కావు, ఆలిగోడెండ్రోసైట్లు అనే వేరే కణాలు. ఈ దాడి వాటి జోలికి పోదు. లోపల మనిషి లోపల అలాగే ఉంటాడు, బయటికి దారులు మూసుకుపోతాయి.

వైద్యం ఇమ్యునోగ్లోబ్యులిన్. వేలమంది రక్తదాతల ప్లాస్మాలోంచి తీసిన యాంటీబాడీలు. కిలో బరువుకు రోజుకు 0.4 గ్రాముల చొప్పున ఐదు రోజులు రక్తనాళంలోకి ఎక్కించడం మామూలు పద్ధతి. రక్తంలోంచి ప్లాస్మా తీసేసి మార్చే ప్లాస్మా మార్పిడి కూడా అంతే బాగా పనిచేస్తుంది. రెండింటిలో ఏది అందుబాటులో ఉంటే అది. స్టెరాయిడ్లు ఇస్తే సరిపోదా అని బంధువొకాయన అడిగారు. మంట తగ్గించే మందు కదా, పనిచేయాలి అనే అనిపిస్తుంది. కానీ ఈ జబ్బులో స్టెరాయిడ్లతో లాభం లేదని పరీక్షల్లో తేలింది. ఇమ్యునోగ్లోబ్యులిన్ దాడిని చల్లారుస్తుంది, అంతే. ఊడిన తొడుగును అది కట్టదు. ఈ తేడా ఎవరూ ముందే చెప్పకపోతే, చివరి సీసా అయిపోయిన మర్నాడు లేచి నడుస్తామనుకుని మనిషి కుంగిపోతాడు. మా వార్డులో పెద్ద నర్సు ముందే చెప్పింది: "మందు పని మంట ఆర్పడమేనమ్మా. కట్టేది నీ ఒళ్లే. దానికి నెలలు పడుతుంది."

జబ్బు నాలుగు వారాల్లోపు తన అడుగు తాకుతుంది, చాలామందికి రెండు వారాల్లోనే. తర్వాత పెరగదు, తగ్గదు. ఆ దశ నాకు అన్నిటికన్నా కష్టమైంది. పడిపోతున్నప్పుడు రోజూ ఏదో ఒకటి జరుగుతుండేది, ఇప్పుడు ఏమీ జరగదు. దిండు ఎత్తి పెట్టించుకుని కుడి బొటనవేలి వంక చూస్తూ కదులు, కదులు అనుకునేదాన్ని. వేలు నాదేనని గుర్తుపట్టగలిగేదాన్ని, గోరు పక్కన పాత మచ్చ ఉంది. కానీ దానికీ నాకూ ఏ సంబంధమూ లేనట్టు ఉండేది. తలలో మాత్రం ఆ ప్రయత్నానికి అలసట వచ్చేది, చెమట పట్టేది. మనోబలం అనే మాట నాకు రుచించనిది అందుకే. అది లేక వేలు కదలకుండా ఉండలేదు. ఉన్నంత మనోబలమూ చీలమండ దాకా కూడా పోలేకపోయింది.

ఆ రోజుల్లో లోపల ఏం జరుగుతోందో నాకు కనిపించలేదు గానీ చదివాను. మాక్రోఫేజ్‌లు చెత్త తీసేస్తాయి. మిగిలిన ష్వాన్ కణాలు విభజన చెంది కొత్తవి పుడతాయి. అవి బోసిగా ఉన్న పోగు పక్కన చేరి మళ్లీ చుట్టడం మొదలుపెడతాయి. కట్టే తునకలు పాతవాటి కన్నా పొట్టివి, పొర పాతదాని కన్నా పలచన. పొట్టివి కాబట్టి కణుపులు ఎక్కువ, కాబట్టి పాత వేగం పూర్తిగా రాదు. కానీ కబురు చేరుతుంది. పోగు కూడా తెగిపోయిన చోట్ల పని ఇంకా నెమ్మది. ఆక్సాన్ రోజుకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పున పెరుగుతూ కండరాన్ని వెతుక్కుంటుంది. వెన్నుపాము నుంచి పాదం దాకా ఆ లెక్కన ఎంతకాలమో ఎవరైనా వేసుకోవచ్చు. నేను వేసుకుని కాగితం చింపేశాను.

పైన పోయినవి ముందు వచ్చాయి. మింగడం, తర్వాత ముఖం, భుజాలు, తుంటి. పాదాలు ఆఖర్న. ఒక మధ్యాహ్నం ఫిజియోథెరపిస్టు నా తొడ మీద అరచెయ్యి ఆనించి, "బిగించండి" అంది. నాకైతే ఏమీ జరిగినట్టు లేదు. "వచ్చింది" అంది. "ఎక్కడ వచ్చింది?" అన్నాను. నా చెయ్యి తీసుకుని తొడ మీద పెట్టి మళ్లీ బిగించమంది. చర్మం కింద సన్నగా ఒక అదురు, అంతే. కాలు కదలడానికి అది ఏ మూలకూ చాలదు. దాన్ని చూపించడానికి ఆ రోజు అక్కను మూడు సార్లు పిలిచాను.

ఫిజియోథెరపీ అంటే పళ్లు బిగించి కష్టపడటం అనుకుంటారు. నాకు తగిలిన ఫిజియో దానికి పూర్తిగా వ్యతిరేకం. "అలసట వచ్చే ముందే ఆపండి" అనేది. సగం తొడిగిన నరాల మీద అతిగా పని పెడితే మర్నాడు ఉన్న బలం కూడా తగ్గుతుంది, అది నాకు అనుభవమే. కీళ్లు బిగుసుకుపోకుండా కదిలించడం, పాదం కిందికి వేలాడిపోకుండా స్ప్లింట్ కట్టడం, బలం వచ్చిన కండరానికి వచ్చినంత పనే చెప్పడం. చూసేవాళ్లకు అందులో వీరత్వమేమీ కనపడదు.

లేచి నిలబడ్డాక ఇంకో విచిత్రం బయటపడింది. కళ్లు తెరిచి ఉంటే నిలబడగలను, మూస్తే పడిపోతాను. ముఖానికి సబ్బు రాసుకుని కళ్లు మూసుకోగానే నేల ఎటు ఉందో తెలియక గోడ పట్టుకునేదాన్ని. పాదం ఎక్కడుందో, చీలమండ ఎంత వంగిందో మెదడుకు చెప్పే పోగులు లావువి, మైలిన్ దండిగా ఉన్నవి. దెబ్బ వాటికి గట్టిగా తగిలింది. ట్యూనింగ్ ఫోర్క్ (శ్రుతిదండం) అని ఒకటి ఉంటుంది, కొట్టి బొటనవేలి ఎముక మీద పెడితే జుయ్యిమని తెలియాలి. నాకు చల్లటి ఇనుము తెలిసేది, జుయ్యి తెలిసేది కాదు. చల్లదనాన్ని, వేడిని, మందమైన నొప్పిని మోసే పోగులు సన్నవి. వాటిలో కొన్నిటికి మైలిన్ నామమాత్రం, కొన్నిటికి అసలే లేదు. ఆ లేనివాటి వేగం సెకనుకు ఒకటి రెండు మీటర్లే, మనం నడిచేంత. తొడుగే లేనివాటికి ఊడేదేముంది? ఒంట్లో అన్నిటికన్నా నెమ్మదైన నరాలు హాయిగా బయటపడ్డాయి. నాకు ఈ సంగతి తెలిసిన రోజు భలే ముచ్చటేసింది.

ఆరు నెలలకు ఈ జబ్బు వచ్చినవాళ్లలో నూటికి ఎనభైమంది ఎవరి సాయమూ లేకుండా నడుస్తారు. నేను ఆ ఎనభైమందిలో ఉన్నాను. అందరూ ఉండరు. సుమారు నూటికి ఐదుగురు చనిపోతారు, కొందరికి కుర్చీ మిగిలిపోతుంది. వాళ్లకు మనోబలం తక్కువై కాదు. పోగు తెగిన వాళ్లకూ తొడుగు మాత్రమే పోయిన వాళ్లకూ తేడా అక్కడుంటుంది, వయసులో ఉంటుంది, మందు ఎంత త్వరగా మొదలైందన్న దానిలో ఉంటుంది. నన్ను పొగిడే మాట పక్క మంచం మనిషిని నిందించే మాట అవుతుంది. ఇది ఎంతమందికి చెప్పినా మళ్లీ అదే అంటారు.

అయితే మనసు చేసిన పని అసలు లేదా అంటే, ఉంది. విసుగును అది మోసింది. రాత్రి టేపు వేసిన కన్నుతో, పిలిస్తే గొంతు పలకని స్థితిలో, గోడ గడియారం చూస్తూ తెల్లవారేదాకా ఉండటం దాని పనే. ష్వాన్ కణాలు ఆ పని చేయలేవు.

ఇప్పటికి చొక్కా బొత్తాలు పెట్టుకోగలను, మెట్లు ఎక్కగలను, పరుగెత్తలేను. అరికాళ్ల కింద ఎప్పుడూ పలచటి మేజోడు ఉన్నట్టు ఉంటుంది. మధ్యాహ్నం మూడయ్యేసరికి ఒళ్లు స్విచ్ తీసేసినట్టు అయిపోతుంది. ఈ అలసట చాలామందికి ఏళ్ల తరబడి ఉంటుందట, దీన్ని బద్ధకం అనుకునేవాళ్లకు జవాబు చెప్పడం మానేశాను. ఈమధ్య మళ్లీ కండక్షన్ టెస్ట్ చేశారు. కాలిలో 38 వచ్చింది, గీత ఒక్క ముక్కగా లేచింది. మోకాలు సుత్తి దెబ్బకు ఎగురుతోంది, మడమ ఇంకా లేదు. "మడమది రాకపోయినా పర్లేదు, నడకకు దానితో పని లేదు" అన్నారు డాక్టర్ గారు.

అందరూ అడిగే ప్రశ్న నేనూ అడిగాను, మళ్లీ వస్తుందా అని. నూటికి ఇద్దరు నుంచి ఐదుగురికి వస్తుందట. మళ్లీ రెండు కాళ్లూ ఒకేసారి తిమ్మిరెక్కి అది పైకి పాకుతుంటే, విటమిన్లంటూ ఆగకుండా నేరుగా న్యూరాలజిస్టు ఉన్న చోటికే రమ్మన్నారు. ముఖ్యంగా మింగుడు పడకపోయినా, ఒక్క ఊపిరిలో ఇరవై దాకా లెక్కపెట్టలేకపోయినా రాత్రని చూడకుండా రమ్మన్నారు. తర్వాతి అపాయింట్‌మెంట్ ఏడాదికి ఇచ్చారు.